ముక్కులోంచి చేసే పిట్యూటరీ ఆపరేషన్ ‘గుడ్డి ఆపరేషన్’ కాదు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మెదడు అడుగున ఉండే హార్మోన్ల గ్రంథి పిట్యూటరీ. దానిలో పెరిగిన గడ్డను ముక్కులోంచి తీయడం గుడ్డి ఆపరేషన్, అంటే లోపల ఏమీ కనపడకుండా చేసేదట. పరికరం లోపల ఎక్కడుందో స్కాన్ మీద చూపించే నావిగేషన్ మిషన్ లేనిచోట చేయించుకుంటే ప్రాణాలకే ముప్పట. ఎక్కడ చేయించుకున్నా చూపు పోతుందట. మా వీధిలో ఒక అక్క ఇది చదివి, విశాఖలో ఇచ్చిన ఆపరేషన్ తేదీ మానేసుకుంది. పక్కచూపు తగ్గి గుమ్మాలకు భుజం తగిలించుకుంటున్న మనిషి ఆమె. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

గుడ్డి ఆపరేషన్ అన్నది శుద్ధ తప్పు. 1907లో హెర్మన్ ష్లాఫర్ ముక్కు దారిన ఈ గడ్డ తీసిన రోజుల్లో వెలుతురే కష్టం. ఇప్పుడు ముక్కులోకి పంపే సన్నని గొట్టం, ఎండోస్కోప్, దాని కొసన ఉన్న లెన్స్ లోపలిదంతా తెర మీద పెద్దదిగా చూపిస్తుంది. సర్జన్ ఎముక గుర్తులు పట్టుకుని వెళ్తాడు. ముక్కు వెనక గొంతులోకి తెరుచుకునే ద్వారం పై అంచు నుంచి సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పైన, ముక్కులో పైన ఉండే మడత ఎముక, సుపీరియర్ టర్బినేట్‌కు లోపలి పక్కన స్ఫినాయిడ్ సైనస్ అనే గాలి గది రంధ్రం ఉంటుంది. లోపలికి వెళ్తే నడుమ పిట్యూటరీ కూర్చునే ఎముక ఉబ్బు, దాని రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ నాళాల ఉబ్బులు, వాటి పైన కంటి నరాల ఉబ్బులు. నాళానికీ నరానికీ మధ్య చిన్న గుంట. అది దొరికితే ఏది ఎటుందో తేలిపోతుంది.

అందరి ఎముకా ఒకేలా ఉండదు. సైనస్ మధ్య గోడ చాలామందిలో ఒక పక్కకు వాలి, నేరుగా కెరోటిడ్ మీదే అతుక్కుని ఉంటుంది. దాన్ని మెలిపెట్టి విరిస్తే నాళం చిరిగిపోవచ్చు. కొందరిలో కంటి నరం ఓనోడి గది అనే పక్క సైనస్‌లోంచి వెళ్తుంది. చిన్నపిల్లల్లో సైనస్ ఇంకా గాలి గదిగా మారి ఉండకపోవచ్చు. ఇవన్నీ ముందురోజే సీటీ స్కాన్‌లో చూసుకోవాల్సినవి.

మిషన్ మాటలో సగమే నిజం. మళ్లీ చేసే ఆపరేషన్లలో, గడ్డ గుర్తులను తినేసినప్పుడు నావిగేషన్ చాలా పనికొస్తుంది. కానీ అది మామూలుగా చూపించేది ఆపరేషన్‌కు ముందు తీసిన స్కాన్‌నే. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా రావచ్చు, ఇక్కడ అంత తేడా చిన్నది కాదు. గుర్తులు తెలియని చేతికి మిషన్ ఇచ్చినా లాభం లేదు.

చూపు పోతుందన్నది తలకిందులైన మాట. గడ్డ కంటి నరాల కూడలిని నొక్కడం వల్లే పక్కచూపు పోతుంది, నొక్కుడు తీసేస్తే చాలామందికి మెరుగవుతుంది. ప్రొలాక్టిన్ అనే హార్మోను ఎక్కువగా తయారుచేసే గడ్డలైతే చాలావరకు మాత్రలతోనే తగ్గుతాయి. ప్రమాదాలు లేవని చెప్పను. కెరోటిడ్ గాయం నూటికి ఒకటికన్నా తక్కువే అయినా ప్రాణాంతకం. మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోకి కారడం అంతకన్నా ఎక్కువ. ఆ నీరు కారే రంధ్రాన్ని ముక్కు మధ్యగోడ పొరతో మూసే పద్ధతి 2006లో ప్రచురితమయ్యాక పెద్ద రంధ్రాల దగ్గర అది బాగా తగ్గింది. ఆపరేషన్ తర్వాత వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలా కారితే జలుబు అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టరు గారిని అడగాల్సినవి వేరు: ఇలాంటివి ఎన్ని చేశారు, నా సీటీలో సైనస్ మధ్య గోడ ఎక్కడ అతుక్కుంది, రక్తం ఆగకపోతే ఏం చేస్తారు? చూపు తగ్గుతున్నవాళ్లు జవాబు విన్నాక తేదీ వాయిదా వేయకండి, నరం ఎక్కువకాలం నలిగితే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.