సవరణ: గొంగళిపురుగు పేగులోని బ్యాక్టీరియా అన్నివేళలా దానికి అండ కాదు

"పేగులోని బ్యాక్టీరియా సాయంతో గొంగళిపురుగులు మొక్కల రక్షణను ఛేదిస్తాయి" అన్న గత టపాలోని వాక్యాన్ని కొన్ని పరిమితులతో చదువుకోవాలని మనవి.

అక్కడ ఉదాహరణగా చూపిన కొలరాడో బంగాళాదుంప పురుగు గొంగళిపురుగు కాదు, పెంకుపురుగు జాతికి చెందినది. దాని పిల్లపురుగు నోటి స్రావంతో ఆకుపై వదిలే బ్యాక్టీరియాను సూక్ష్మజీవుల దాడిగా పొరబడిన మొక్క సూక్ష్మజీవులను ఎదుర్కొనే శాలిసిలిక్ ఆమ్ల మార్గాన్ని (రక్షణ సంకేతాల వ్యవస్థను) మేల్కొల్పగా, నమిలే పురుగులను ఎదుర్కొనే జాస్మోనిక్ ఆమ్ల మార్గం అణగిపోతుందని టమాటాపై 2013లో వెలువడిన పరిశోధన చూపింది.

చాలా గొంగళిపురుగుల పేగులో స్థిరనివాస బ్యాక్టీరియా దాదాపు ఉండదు. పైగా, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే విషయమేమిటంటే, మొక్కజొన్న రక్షణలు కత్తెర పురుగు అనే గొంగళిపురుగు పేగు లోపలి పొరను దెబ్బతీసినప్పుడు, అందులోని బ్యాక్టీరియా మొక్క పక్షాన పనిచేసినట్లుగా పురుగు ఎదుగుదలనే తగ్గిస్తుంది.