రామగిరి సరదా గుట్టేం కాదు

దసరా సెలవుల్లో ఒక్కరోజులో ఎక్కి దిగే గుట్టల మీద వచ్చిన ఓ వ్యాసం చదివాను, బాగుంది. కానీ పెద్దపల్లి జిల్లా రామగిరి ఖిల్లాను 'పిల్లాపాపలతో సరదాగా' అన్నచోట నాకు నవ్వొచ్చింది. కిందటేడు పండుగ మర్నాడు గుట్ట కిందున్న బేగంపేట ఊరి వైపు నుంచి నలుగురం ఎక్కాం. శ్రావణంలోనైతే జనం వెళ్తుంటారు కాబట్టి బాట తెలుస్తుంది. దసరాకల్లా గడ్డి నడుం దాకా పెరిగి బాటను మింగేస్తుంది. చేతిలో కర్ర లేనిదే అడుగు వేయబుద్ధి కాదు. మా బావ ప్యాంటు నిండా ఉత్తరేణి గింజలే. పైన కోట గోడ నీడన కూర్చుని అరగంట అవే ఏరుకున్నాడు పాపం!

అసలు కష్టం దిగడంలో ఉంది. వానలకు బండ మీద పట్టిన పాచి ఎండకు నల్లగా ఎండినా, నీడపట్టున ఇంకా జారుతూనే ఉంటుంది. నా మోచేయి అక్కడే గీరుకుపోయింది.

ఆ వ్యాసంలో మనిషికి లీటరు నీళ్లు చాలన్నారు. మేం తలా మూడు లీటర్లు మోసుకెళ్తే పైకి చేరేసరికే సగం అయిపోయాయి. దసరా రోజుల్లో ఆరు అటూ ఇటూగా పొద్దుగూకుతుంది, రెండింటికే దిగడం మొదలుపెట్టండి. అన్నట్టు, మందు మొక్కలకు పేరున్న గుట్టే అయినా తెలియని ఆకులు నమిలి చూడకండి.