డీజిల్ అలవాట్లతో టర్బో పెట్రోల్: డెల్టాలో ఈ ఇంజిన్లకు ఎక్కడ దెబ్బ తగులుతోంది

గోదావరి డెల్టాలో కారు అంటే చాలాకాలం డీజిల్ కారే. చెరువుల మీదకి తిరిగే రొయ్యల రైతు అయినా, వారానికోసారి హైదరాబాద్ వెళ్లొచ్చే భీమవరం వ్యాపారి అయినా షోరూంలో ముందు అడిగేది డీజిల్ గురించే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాయి. మారుతి డీజిల్ ఇంజిన్లు ఆపేసింది, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా అదే దారి పట్టాయి. మిగిలిన కంపెనీల్లోనూ చిన్న కార్లకు డీజిల్ దాదాపు లేకుండా పోయింది. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంది ఒక లీటరు, 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్. టర్బో అంటే ఇంజిన్ పొగ తోపుకి తిరుగుతూ సిలిండర్లలోకి అదనంగా గాలి తోసే చక్రం.

ఇంజిన్ మంచిదే. నాకు ఇష్టం కూడా. కానీ మనవాళ్లు దాన్ని డీజిల్ నడిపినట్టే నడుపుతున్నారు, డీజిల్‌కి పోసిన ఆయిలే పోయిస్తున్నారు, డీజిల్‌లాగే ఏం చేసినా తట్టుకుంటుందని నమ్ముతున్నారు. అమ్మేవాళ్లూ ఈ తేడా చెప్పడం లేదు. డెల్టాలో ఈ ఇంజిన్లకు తగులుతున్న దెబ్బల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

అంకెలు చూస్తే ఈ పొరపాటు ఎందుకు జరుగుతోందో తెలుస్తుంది. పాత స్విఫ్ట్‌లో 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ 75 పీఎస్ పవర్, 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 190 ఎన్ఎం టార్క్ (లాగే బలం) ఇచ్చేది. హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్‌లలో వచ్చిన 998 సీసీ మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ 120 పీఎస్, 172 ఎన్ఎం ఇస్తుంది. ఆ టార్క్ 1,500 ఆర్‌పీఎం దగ్గరే మొదలై 4,000 దాకా నిలుస్తుంది. స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగన్‌లలోని 999 సీసీ ఇంజిన్‌ది 115 పీఎస్, 178 ఎన్ఎం. టాటా నెక్సాన్ 1,199 సీసీ ఇంజిన్‌ది 120 పీఎస్, 170 ఎన్ఎం. టర్బో లేని మారుతి 1.2 లీటర్ల పెట్రోల్‌కి 113 ఎన్ఎం, అదీ 4,400 ఆర్‌పీఎం దాకా తొక్కితేనే వస్తుంది. అంటే కింద నుంచే లాగే గుణంలో ఈ చిన్న టర్బోలు పెట్రోల్ కన్నా డీజిల్‌కే దగ్గర. టెస్ట్ డ్రైవ్‌లో కూర్చున్నవాడికి "అచ్చం డీజిల్ పికప్పే" అనిపించడంలో తప్పేం లేదు.

లోపల మాత్రం వేరే సంగతి. టర్బోలో చక్రం నిమిషానికి రెండు లక్షల చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది. పెట్రోల్ ఇంజిన్ నుంచి దాని మీదకి వచ్చే పొగ వేడి, ఇంజిన్ మీద బరువు ఎక్కువైనప్పుడు, 950 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది, డీజిల్‌లో ఇంత ఉండదు. ఆ చక్రం ఇరుసుని మోసేది పలచని ఆయిల్ పొర ఒక్కటే. బ్రోచర్‌లో పీఎస్, ఎన్ఎం పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఏ గ్రేడు ఆయిల్ పోయాలి, ఎన్నాళ్లకి మార్చాలి అన్నది బ్రోచర్‌లో వెతికినా కనపడదు. నన్నడిగితే కొనేవాడు ముందు చదవాల్సింది అదే.

ముందు నడిపే తీరు చూద్దాం. అంబాజీపేట దగ్గర రోడ్డు మీద కొబ్బరికాయల లారీ ముందు పోతోంది అనుకోండి. వెనక మన కారు ఐదో గేరులో, నలభై స్పీడులో, 1,300 ఆర్‌పీఎం దగ్గర గుర్రుమంటోంది. ఎదురు ఖాళీ దొరికింది. పాత డీజిల్ అలవాటు ప్రకారం గేరు దించకుండానే యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కుతాం. డీజిల్ అయితే కాస్త మూలిగి లాక్కుపోయేది. పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్‌కి అసలు భయపడాల్సిన స్థితి సరిగ్గా ఇదే: తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ బరువు, టర్బో నిండుగా తోస్తున్న గాలి. ఆ సమయంలో సిలిండర్ గోడ మీది ఆయిల్, పెట్రోల్ కలిసిన చుక్క పిస్టన్ మీదకి ఎగిరి, స్పార్క్ రాకముందే అంటుకోవచ్చు. ఇంజినీర్లు దీన్ని ఎల్ఎస్‌పీఐ (లో-స్పీడ్ ప్రీ-ఇగ్నిషన్) అంటారు. మామూలు నాకింగ్‌లా టకటకమని ఊరుకోదు. గట్టి దెబ్బ ఒక్కటి పడితే పిస్టన్ మీద రింగులు కూర్చునే గాడి అంచు విరగొచ్చు. ఇంజిన్ బోరుకొచ్చిందని మెకానిక్ చెప్పేదాకా ఓనర్‌కి తెలియదు.

దీనికి మందు రెండు రకాలు. ఒకటి, గేరు దించి 2,000 పైకి తెచ్చి తొక్కడం. ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్సే ఆ పని చేసుకుంటుంది కాబట్టి ఈ గొడవ తక్కువ. రెండోది ఆయిల్. ఆయిల్‌లో కలిపే కాల్షియం మందులు ఎల్ఎస్‌పీఐని పెంచుతున్నాయని పరిశోధనల్లో తేలాక, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020 మేలో ఎస్‌పీ అనే ఆయిల్ ప్రమాణాలు తెచ్చింది. ఎస్‌పీ అని ఉన్న ఆయిల్ ఈ పరీక్ష పాసైందని అర్థం. మన ఊళ్ల వర్క్‌షాపుల్లో డ్రమ్ముల్లో ఉండేది మాత్రం ట్రాక్టర్లకీ, లారీలకీ పోసే 15డబ్ల్యు-40 డీజిల్ ఆయిల్. చిక్కగా ఉంటుంది, ధర తక్కువ. "చిక్కటి ఆయిలైతే ఇంజిన్ నున్నగా తిరుగుద్దండి" అని పోసేవాళ్లు తక్కువేం కాదు. వాళ్లది దురుద్దేశం అనను, పాతికేళ్లు డీజిల్ ఇంజిన్లు విప్పిన చేతులవి. కానీ 0డబ్ల్యు-20, 5డబ్ల్యు-30 లాంటి పలచటి ఆయిల్ కోసం కట్టిన ఇంజిన్‌లో అది పోస్తే, పొద్దున స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో టర్బో ఇరుసు దాకా ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. పైగా డీజిల్ ఆయిల్‌లో సాధారణంగా కాల్షియం ఎక్కువ.

ఇక డెల్టాలో మనం తిరిగే దూరాలు. ఊరి నుంచి రైస్ మిల్లుకి మూడు కిలోమీటర్లు, అక్కడి నుంచి బ్యాంకుకి రెండు, పిల్లాణ్ని బడి దగ్గర దింపడానికి నాలుగు. ఇంజిన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కేలోపే తాళం తీసేస్తాం. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అందులో కొంత గోడలకి అంటుకుని, రింగుల పక్కనుంచి జారి కిందున్న ఆయిల్‌లో కలుస్తుంది. దూరప్రయాణం చేస్తే ఆ పెట్రోల్ ఆవిరై పోతుంది, చిన్న తిరుగుళ్లే అయితే పేరుకుపోతుంది. దీన్ని ఎవరైనా ఇంట్లోనే చూసుకోవచ్చు. పొద్దున్నే, కారు కదలకముందు, సమంగా ఉన్న నేల మీద ఆయిల్ చూసే స్టిక్ లాగండి. గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి తీయండి. మట్టం పై గీత దాటి ఉంటే, వేళ్ల మధ్య రాస్తే నీళ్లలా పలచగా జారుతుంటే, ముక్కు దగ్గర పెట్టుకుంటే బంకు వాసన కొడితే, అది పెట్రోల్ కలిసిన ఆయిలే. మట్టం తగ్గితే కంగారుపడతాం, పెరిగితే సంతోషిస్తాం. ఇక్కడ పెరగడమే చెడ్డ గుర్తు.

2018లో చైనాలో 1.5 లీటర్ల టర్బో ఉన్న హోండా సీఆర్-వీ అమ్మకాలు ఆగిపోయి, లక్షల కార్లను వెనక్కి పిలిపించాల్సి వచ్చింది ఈ కారణంగానే. అక్కడ గడ్డకట్టే చలి ఉంది, మనకి లేదు. కాబట్టి అంత తీవ్రంగా ఉంటుందని చెప్పను. కానీ ఆ చలి చేసిన పనిలో కొంత ఇక్కడ చిన్న తిరుగుళ్లు చేస్తాయి. హ్యుందాయ్, కియా మాన్యువళ్లలో 8 కిలోమీటర్లలోపు ప్రయాణాలు పదేపదే చేయడాన్ని 'తీవ్రమైన వాడకం' కింద రాశారు. దుమ్ము, బురద, ఉప్పు ఉన్న చోట్లు కూడా అందులోనే ఉన్నాయి. రాజోలు, నరసాపురం, మొగల్తూరు మనిషి ఆ జాబితా చదివితే తన రోజు తిరుగుడే రాశారనుకుంటాడు. అయినా సర్వీస్ సెంటర్లలో అందరికీ అదే మాట: ఏడాదికోసారి లేదా పది వేల కిలోమీటర్లు, కొన్ని కంపెనీలకైతే పదిహేను వేలు. డెల్టాలో చిన్న తిరుగుళ్ల కారుకి ఇది సరిపోదు. ఆరు నెలలకి లేదా ఐదు వేలకి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఏడాదిలో అదనంగా ఒక్క ఆయిల్ మార్పు ఖర్చు, కొత్త టర్బో ధర పక్కన పెట్టి చూస్తే లెక్కలోకే రాదు.

విదేశాల నుంచి సంక్రాంతికి వచ్చేవాళ్ల కార్ల గురించి వేరే చెప్పాలి. కోనసీమలో ఎన్నో ఇళ్లలో మంచి కారు నెలల తరబడి షెడ్డులో కవర్ కప్పుకుని ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌తో ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే గుణం) పెరుగుతుంది, అది టర్బోకి మంచిదే, ఈ మేలు కూడా ఒప్పుకోవాలి. పాత కార్లలో మైలేజీ కొంత పడిపోతుంది, ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ కాబట్టి. కానీ ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. సగం ట్యాంకుతో వర్షాకాలమంతా నిలిపేస్తే, నీరు చేరి అడుగున విడిపోయే ప్రమాదం ఉంది. ఆ నీళ్లు ముందు దెబ్బకొట్టేది అధిక ఒత్తిడితో పనిచేసే పంపునీ, ఇంజెక్టర్లనీ. ఇంటి దగ్గర ఉండే అమ్మానాన్నల్ని రోజూ స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచమంటారు చాలామంది. అది ఇంకా చెడుపు. పదిహేను రోజులకోసారి ఎవరైనా ఓ నలభై కిలోమీటర్లు హైవే మీద తిప్పుకొస్తే మేలు.

సిలిండర్‌లోకి గాలి వెళ్లే ఇంటేక్ వాల్వుల మీద మసి పేరుకోవడం కూడా డైరెక్ట్ ఇంజెక్షన్ జబ్బే. పెట్రోల్ వాల్వుల మీద పడి కడిగే పని ఇక్కడ ఉండదు. నెక్సాన్ ఇంజిన్‌లో ఇంజెక్టర్లు సిలిండర్ బయటే ఉంటాయి కాబట్టి దానికి ఈ బాధ తక్కువ. కాగితం మీద పాతతరం పద్ధతిలా కనిపిస్తుంది, మన వాడకానికి అది లోపమని నేననుకోను.

సార్వా, దాళ్వా కోతల రోజుల్లో రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. ఆ ఊక దుమ్ము మధ్య తిరిగితే ఎయిర్ ఫిల్టర్ గడువుకి ముందే మూసుకుపోతుంది. టర్బో గాలిని ఎక్కువ పీలుస్తుంది కాబట్టి కోతలు కాగానే ఫిల్టర్ తీసి చూడాల్సిందే. తీరం వైపు ఉండేవాళ్లు బంపర్ వెనక, టర్బో తోసే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ రేకుల్ని మంచినీళ్లతో నెమ్మదిగా కడిగించుకోవాలి. వరదలప్పుడు ఎదురుబిడిం, అప్పనపల్లి కాజ్‌వేల మీదకి నీరొస్తే ఏ ఇంజిన్ అయినా దిగకూడదు.

హైవే మీద గట్టిగా తోలుకొచ్చి రావులపాలెంలో టీకి ఆపగానే తాళం తిప్పేయడం ఇంకో అలవాటు. ఒక్క నిమిషం ఐడిల్‌లో ఉంచండి. కొత్త ఇంజిన్లలో టర్బో చుట్టూ కూలెంట్ తిరుగుతుంది, కాబట్టి పాతకాలమంత ప్రమాదం లేదు. అయినా మరుగుతున్న ఆయిల్ సన్నటి గొట్టంలో ఆగిపోయి బొగ్గు కట్టడం పూర్తిగా పోలేదు.

కంపెనీలని నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. మాన్యువల్‌లో 'తీవ్రమైన వాడకం' పేజీని తెలుగులో అచ్చేసి, కారు తాళాలు ఇచ్చేరోజే చదివి వినిపించండి. రోజుకి ఎంత దూరం తిరుగుతారని కొనేవాణ్ని అడిగి, ఆ జవాబుని బట్టి సర్వీస్ గడువు రాసివ్వండి. ఊళ్లోనే తిరిగే మనిషికి టర్బో లేని 1.2 లీటర్ల పెట్రోల్ చాలని నిజాయితీగా చెప్పండి. వారం వారం విశాఖ, విజయవాడ వెళ్లేవాడికి టర్బో అమ్మండి, ఆ వాడకంలో అది ఎన్నేళ్లయినా నిలబడుతుంది.

ఇప్పుడు ఈ కార్లు సెకండ్‌హ్యాండ్‌కి వస్తున్నాయి. తణుకు, పాలకొల్లు, కాకినాడ ఎక్కడ కొన్నా మీటర్ రీడింగ్ చూసి మోసపోవద్దు. ఆరేళ్లలో ఇరవై వేలే తిరిగిన కారు డీజిల్ రోజుల్లో బంగారం. టర్బో పెట్రోల్‌లో అది చిన్న తిరుగుళ్ల కారేమోనని అనుమానించాలి. సర్వీస్ బిల్లులన్నీ అడగండి. ప్రతి బిల్లులో ఆయిల్ గ్రేడు, ఏపీఐ ఎస్‌పీ లాంటి ప్రమాణం, తేదీ ఉన్నాయో లేదో చూడండి. కారుని చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి, సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తోందా గమనించండి. బిల్లులు లేవని అమ్మేవాడు అంటే, టర్బో మార్చే ఖర్చు తీసేసి బేరం మొదలెట్టండి.