ట్యూషన్ సెంటర్‌కి ఫీజు కట్టే ముందు పిల్లల నోట్‌బుక్ ఒకసారి తెరవండి

లెవెన్త్, ట్వెల్త్ చదివే పిల్లలున్న పేరెంట్స్ నలుగురు ఒకచోట కూర్చుంటే చాలు, పది నిమిషాల్లో మాట ట్యూషన్ సెంటర్ల మీదకి వెళ్ళిపోతుంది. మావాడు మ్యాథ్స్‌కి వెళ్తున్నాడు, మా అమ్మాయి మ్యాథ్స్‌తో పాటు కెమిస్ట్రీకి కూడా వెళ్తోంది, అదేంటి మీరింకా ఎక్కడా చేర్పించలేదా? ఈ చివరి ప్రశ్న మీదే సగం సెంటర్లు నడుస్తున్నాయని నాకనిపిస్తుంది. అడిగినవాళ్ళు మంచికే అడుగుతారు, కానీ విన్నవాళ్ళకి ఆ రాత్రి నిద్ర పట్టదు, పొద్దున్నే ఫోన్ చేసి బ్యాచ్‌లో సీటుందా అని కనుక్కుంటారు. ఈ హడావిడిలో అసలు పిల్లాడికి ఏం రావట్లేదు, ఎందుకు రావట్లేదు అన్నది మాత్రం ఎవరూ చూసిన పాపాన పోరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. సెంటర్లన్నీ దండగ అని నేననను. కానీ ఈ వయసు పిల్లలకి ఇంకో క్లాసు అవసరం లేదు, వాళ్ళు రాసినదాన్ని ఓపిగ్గా చూసి ఇదిగో ఇక్కడ తప్పుతున్నావు అని చూపించే మనిషి కావాలి. అలాంటి మనిషి ఉన్న సెంటర్ అయితే కట్టిన ఫీజుకి న్యాయం జరుగుతుంది. అలా కాకుండా స్కూల్లో విన్న పాఠాన్నే సాయంత్రం ఇంకొకరి గొంతుతో వినిపించే చోటైతే వారానికి నాలుగు గంటలు పోయినట్టే, రానూపోనూ డ్రైవింగ్ అదనం.

ఒకసారి మీ అమ్మాయో అబ్బాయో సెంటర్ నుంచి తెచ్చుకున్న నోట్స్ తెరిచి చూడండి. డిఫరెన్షియేషన్ చాప్టర్ అనుకుందాం, చెయిన్ రూల్ (ఒక ఫంక్షన్ లోపల ఇంకో ఫంక్షన్ ఉంటే వాడే పద్ధతి) మీద పన్నెండు లెక్కలు ఉంటాయి, హెడింగ్ ఒక రంగు, ఫార్ములా ఇంకో రంగు, ఒక్క కొట్టివేత కూడా ఉండదు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నన్నడిగితే ఆ కొట్టివేతలు లేకపోవడమే అనుమానించాల్సిన విషయం. తనే చేసుంటే ఎక్కడో ఒక చోట మైనస్ మర్చిపోవాలి, లోపలి ఫంక్షన్‌ని డిఫరెన్షియేట్ చేయకుండా వదిలేసి మళ్ళీ గుర్తొచ్చి పక్కన ఇరికించాలి, సగం పేజీ కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాలి. ఏమీ లేదంటే అది బోర్డు మీద నుంచి ఎక్కించుకున్నదే. వాటిల్లో నాలుగోదో ఏడోదో తెల్ల కాగితం మీద రాసిచ్చి, నోట్స్ మూసేసి, ఇప్పుడు చెయ్యమ్మా అంటే తెలిసిపోతుంది సంగతి. బోర్డు మీద సార్ చేస్తున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది, అబద్ధం కాదు, నిజంగానే అర్థమవుతుంది కూడా, కాకపోతే అర్థమవడం వేరు, సొంతంగా చెయ్యగలగడం వేరు. గట్టు మీద కూర్చుని చూస్తే ఈత రాదు కదా.

ఇది నా సొంత కవిత్వం కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ స్టూడెంట్స్‌కి చిన్న చిన్న పాఠాలు ఇచ్చి, కొంతమందిని మళ్ళీ మళ్ళీ చదవమన్నారు, కొంతమందిని చదివాక కాగితం మూసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే మొత్తం తిరగబడింది, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. ఇందులో నాకు భలే అనిపించిన ముక్క ఏంటంటే, మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకే మాకు బాగా గుర్తుంటుందన్న నమ్మకం ఎక్కువ. సెంటర్ నుంచి కారెక్కిన పిల్లాడిని ఎలా జరిగింది రా అంటే "బాగా అర్థమైంది" అంటాడు చూడండి, అది కూడా ఐదు నిమిషాల నాటి నమ్మకమే.

లెక్కల సంగతి ఇంకా చిత్రం. 2007లో రోరర్, టేలర్ అని ఇద్దరు నాలుగు రకాల వింత ఆకారాల ఘనపరిమాణం కనుక్కునే లెక్కలు నేర్పించారు. ఒక గ్రూపుకి ఒక రకం లెక్కలన్నీ అయ్యాక ఇంకో రకం, ఇంకో గ్రూపుకి అన్నీ కలగలిపి. ప్రాక్టీసులో వరసగా చేసినవాళ్ళకి 89 శాతం కరెక్టు, కలిపి చేసినవాళ్ళకి 60 శాతమే. వారం తర్వాత టెస్టులో? వరసగా చేసినవాళ్ళకి 20 శాతం, కలిపి చేసినవాళ్ళకి 63 శాతం. ఇప్పుడు సెంటర్లో ఇచ్చే వర్క్‌షీట్లు గుర్తు తెచ్చుకోండి, ఈ వారం ట్రిగనామెట్రీ అంటే పాతిక లెక్కలూ ట్రిగనామెట్రీయే, మూడో లెక్కకల్లా ఏ ఫార్ములా వాడాలో ఆలోచించే పనే ఉండదు, పైనున్న లెక్కలాగే చేసుకుంటూ పోవడమే. పాతికకి ఇరవై నాలుగు వస్తాయి, ఇంట్లో అందరం సంతోషం. ఫైనల్ ఎగ్జామ్‌లో లెక్క మీద చాప్టర్ పేరు రాసుండదు కదా, ఇది ఏ రకం లెక్కో కనిపెట్టడమే అక్కడ సగం పని, ఆ సగం పని ప్రాక్టీస్ చేయించినవాళ్ళు ఎవరూ ఉండరు. సెంటర్లో అన్నీ వస్తాయి ఎగ్జామ్‌లో ఏమైపోతాడో తెలీదు, టెన్షన్ పడతాడనుకుంటా అని మన పేరెంట్స్ అంటుంటారు. కొందరి విషయంలో టెన్షన్ అయ్యుండొచ్చు, చాలామంది విషయంలో ఇదే.

మరి ట్యూషన్ వల్ల లాభం ఉందని రీసెర్చి లేదా అంటే ఉంది. బెంజమిన్ బ్లూమ్ అనే ప్రొఫెసర్ 1984లో రాసిన పేపర్ ఒకటుంది, ఒక్కొక్కరికి విడిగా ట్యూటర్‌ని పెట్టి చెప్పిస్తే సగటు స్టూడెంట్ కూడా మామూలు క్లాసులో చదివే 98 శాతం మందిని దాటిపోయాడని. తర్వాత ఇంకొంతమంది చేసిన పరిశోధనల్లో అంత పెద్ద తేడా కనపడలేదు గానీ విడిగా కూర్చుని చెప్పడం వల్ల లాభం మాత్రం గట్టిగానే కనపడింది. కాకపోతే అక్కడ జరిగింది ఏంటో చూడాలి. టెస్టు పెట్టడం, ఎక్కడ తప్పాడో చూడటం, దాన్ని దిద్దడం, మళ్ళీ టెస్టు పెట్టడం, అది వచ్చాకే ముందుకెళ్ళడం. పద్దెనిమిది మందిని గదిలో కూర్చోబెట్టి స్లైడ్స్ చూపించేదానికీ దీనికీ పేరొక్కటే, ట్యూషన్ అని.

ఇంక టాపర్ల ఫోటోలు. సెంటర్ గోడ మీద వరసగా పిల్లల మొహాలు, కింద మార్కులు, ఫలానా యూనివర్సిటీలో మెడిసిన్ అని. వాళ్ళంతా నిజం పిల్లలే, మార్కులూ నిజమే. కానీ పేరున్న సెంటర్లు చాలావాటిల్లో చేరడానికే ఒక ఎంట్రన్స్ టెస్ట్ ఉంటుంది, అంటే బాగా చదివేవాళ్ళని ముందే ఏరుకుంటారు, వాళ్ళు బాగా రాస్తారు, క్రెడిట్ గోడకి వెళ్తుంది. పోస్టర్ మీద లేనివాళ్ళు ఎంతమంది, వాళ్ళు చేరినప్పుడు ఎంత, అయ్యాక ఎంత అని అడిగి చూడండి, చాలా చోట్ల నవ్వి బ్రోషర్ చేతిలో పెడతారు. అమెరికాలో కాలేజీ అడ్మిషన్ల కోసం రాసే శాట్ పరీక్ష కోచింగ్ మీద వచ్చిన స్టడీలన్నీ కలిపి డెరెక్ బ్రిగ్స్ అనే ప్రొఫెసర్ 2009లో ఒక రిపోర్ట్ ఇచ్చాడు, కోచింగ్ వల్ల పెరిగేది 1600 స్కేల్ మీద సగటున 30 పాయింట్ల చుట్టుపక్కలే అని. సున్నా కాదు, అలాగని ప్రకటనల్లో చెప్పేంతా కాదు. పైగా 2015 నుంచి శాట్ ప్రాక్టీస్ ఖాన్ అకాడమీ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఫ్రీగానే దొరుకుతోంది, ఆ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డే వాళ్ళతో కలిసి చేయించింది.

పక్కింటివాళ్ళు చేర్పించారని మనం, మనం చేర్పించామని ఎదురింటివాళ్ళు, ఈ పరుగు ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే సౌత్ కొరియా చూడాలి. అక్కడ హాగ్వాన్ అంటారు వీటిని. పిల్లలు అర్ధరాత్రి దాకా వాటిల్లోనే ఉండిపోతుంటే సియోల్‌లో రాత్రి పది తర్వాత నడపకూడదని రూల్ పెట్టాల్సి వచ్చింది, దాని మీద కోర్టుకెళ్తే 2009లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ రూల్ సబబే అంది. చైనా అయితే 2021 జులైలో ఇంకా గట్టి దెబ్బే కొట్టింది, తొమ్మిదో క్లాసు దాకా స్కూల్ సబ్జెక్టుల్లో లాభం కోసం ట్యూషన్ చెప్పడమే కుదరదంది. పెద్ద పెద్ద కంపెనీలు మూతపడ్డాయి, ఏమైంది, ట్యూషన్లు ఆగాయా? చాటుగా ఇళ్ళల్లోకి వెళ్ళాయి, రేట్లు పెరిగాయి, డబ్బున్నవాళ్ళు చెప్పించుకుంటూనే ఉన్నారు. భయాన్ని గవర్నమెంట్ రూల్ పెట్టి ఆపలేదు మరి.

నిద్ర సంగతి ఎవరూ మాట్లాడరు. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర మీద పనిచేసే డాక్టర్ల సంఘాలు చెప్తున్నాయి. స్కూలు, దాని మీద ఏదో ఒక స్పోర్టో మ్యూజికో, దాని మీద సెంటర్, ఇంటికొచ్చి తినేసరికి తొమ్మిదిన్నర, అప్పుడు స్కూల్ హోంవర్క్ మొదలు, దాని తర్వాత సెంటర్ హోంవర్క్, మధ్యలో ఫోన్ (ఫోన్ లేకుండా ఎలా ఉంటుంది లెండి). పన్నెండున్నరకి పడుకుని ఆరున్నరకి లేచి స్కూల్లో ఆవులిస్తూ కూర్చుంటాడు, టీచర్ చెప్పింది తలకెక్కదు, తలకెక్కలేదు కాబట్టి సాయంత్రం సెంటర్‌లో మళ్ళీ వినాలి. డబ్బులిచ్చి మరీ ఈ చక్రం తిప్పుతున్నాం.

ఎవరికి ఉపయోగం అంటే, నేను చూసినంతలో నాలుగైదు రకాల పిల్లలున్నారు. నైన్త్‌లోనో టెన్త్‌లోనో ఆల్జీబ్రా దగ్గర గండి పడి, దాన్ని పూడ్చకుండా మీద మీద కట్టుకొచ్చినవాళ్ళు, వీళ్ళకి స్కూల్లో వెనక్కెళ్ళి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు, ఎవరో ఒకరు పక్కన కూర్చుని రెండు మూడు నెలలు సరిచేస్తే నిజంగా దారిలో పడతారు. స్కూల్లో ఫిజిక్స్‌కి సరైన టీచరే లేనివాళ్ళు, పాపం వాళ్ళకి వేరే గతి లేదు. ఎస్సే రాయడం కష్టమయ్యే పిల్లలు, ఎందుకంటే ఎస్సే ఎవరో చదివి ఈ పేరాలో నువ్వు కథ చెప్తున్నావు తప్ప ప్రశ్నకి జవాబు చెప్పట్లేదు అని ఎర్ర పెన్నుతో రాస్తేనే మారుతుంది, దానికి స్కూల్ టీచర్‌కి టైం చాలదు, మనలో చాలామందికి చేతకాదు. ఇంకా, ఇంట్లో చోటు లేకో గోల ఎక్కువయ్యో కుదురుగా కూర్చోలేని పిల్లలకి ఆ రెండు గంటల నిశ్శబ్దమే పెద్ద వరం, అలాంటప్పుడు లైబ్రరీ కూడా అంతే పనిచేస్తుంది, కాకపోతే లైబ్రరీకి ఫీజు లేదు కాబట్టి మనకి నమ్మకం కుదరదు. వీటన్నిటికంటే ముందు, నాకు ఫలానాది రావట్లేదు నన్ను పంపించండి అని తనంతట తను అడిగిన పిల్ల. ఆ పిల్లని కళ్ళు మూసుకుని పంపించొచ్చు.

చేర్పించాలనే అనుకుంటే వెళ్ళి అడగాల్సింది ఎన్ని చాప్టర్లు ముందు చెప్తారని కాదు. మా వాడి పేపర్ ఎవరు దిద్దుతారు, మార్కులేసి ఇచ్చేస్తారా తప్పు ఎందుకొచ్చిందో రాస్తారా, పాత చాప్టర్ల లెక్కలు మళ్ళీ కలిపి ఇస్తారా, చెప్పేది క్వాలిఫైడ్ టీచరా లేక పోయినేడాది ట్వెల్త్ అయిన కుర్రాడా. ఆ కుర్రాడైనా నాకభ్యంతరం లేదు, ఒక్కోసారి వాళ్ళే బాగా చెప్తారు, కానీ ఫీజు మాత్రం సీనియర్ టీచర్ పేరు చెప్పి తీసుకోకూడదు. టర్మ్ మొత్తానికి ఒకేసారి కట్టమంటే నాలుగు వారాలకి మాత్రమే కడతామని చెప్పి చూడండి, ఒప్పుకోకపోతే అదీ ఒక సమాధానమే.

సెంటర్ వద్దనుకుంటే ఇంట్లో చేయగలిగింది తక్కువేం కాదు. పాత క్వశ్చన్ పేపర్లు, వాటి మార్కింగ్ స్కీములు (ఏ జవాబుకి ఎన్ని మార్కులో చెప్పేవి) చాలా పరీక్షా బోర్డులు వాళ్ళ సైట్లలోనే పెడతాయి, కొన్ని బోర్డులైతే పోయినేడాది పిల్లలు ఎక్కడ ఎక్కువ తప్పులు చేశారో ఎగ్జామినర్లు రాసిన రిపోర్టు కూడా పెడతాయి, దాన్ని చదివే పేరెంట్ గానీ పిల్లలు గానీ నాకు చాలా అరుదుగా తగిలారు. శనివారం పొద్దున టైం పెట్టి ఒక పేపర్ రాయించడం, స్కీము పక్కన పెట్టుకుని తననే దిద్దుకోమనడం, తప్పు వెళ్ళినవి ఒక విడి పుస్తకంలో రాయించి పది రోజులాగి మళ్ళీ అవే చేయించడం. మనకి కాల్‌క్యులస్ గుర్తుండక్కర్లేదు దీనికి. అప్పటికీ అర్థం కానివి ఒకటో రెండో మిగిలితే వాటితో స్కూల్ టీచర్ దగ్గరికి వెళ్ళమనండి. సార్ నాకు ఫిజిక్స్ రావట్లేదు అంటే ఏ టీచరూ ఏమీ చెయ్యలేడు గానీ, మూడో స్టెప్‌లో ఈ ఫోర్స్ ఎందుకు తీసేశారు అంటే రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. మన పిల్లలు అడగడానికి మొహమాటపడతారు, ఆ మొహమాటం సగం మన దగ్గర్నుంచి వచ్చిందే.

ఇప్పటికే చేర్పించేసినవాళ్ళు కంగారు పడి రేపే మాన్పించేయకండి. చేరకముందు రాసిన స్కూల్ టెస్ట్ పేపర్ ఒకటి, చేరాక రాసినవి రెండు తీసుకుని టేబుల్ మీద పక్కపక్కన పెట్టి పిల్లలతోనే చూడండి, మార్కులు వదిలేసి తప్పులు మాత్రమే. అవే తప్పులు అలాగే ఉంటే సెంటర్‌ వాళ్ళని కలిసి ఆ పేపర్లు చూపించి ఈ ఒక్కదాని మీద పని చేయించగలరా అని అడగండి, నెలలో ఏ మార్పూ లేకపోతే మాన్పించేయండి. ముందే కట్టిన ఫీజు వెనక్కి రాదని మిగిలిన నెలలు కూడా పంపిస్తామంటారు కొందరు, ఆ డబ్బు పంపినా రాదు, పంపకపోయినా రాదు, ఆ సాయంత్రాలు మాత్రం పిల్లలకి మిగులుతాయి.