“మనోబలం ఉంటే చాలు” అనే మాట కొండ మీద చెల్లదు

కార్తీక మాసం దగ్గర పడుతోందంటే విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో వనభోజనాలతో పాటు కొండల ముచ్చట్లు కూడా మొదలవుతాయి. ఈసారి వాటి వెంట ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది. నాకు ఐదుగురు పంపారు. ఐదోవాడు మా అన్నయ్య కొడుకు, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. కింద “చిన్నాన్నా, వచ్చే ఆదివారం మనమూ వెళ్దామా?” అని రాశాడు. ఆ ఒక్క వాక్యం వల్లే ఇంత వివరంగా జవాబు రాయాల్సి వస్తోంది.

సందేశంలో ఉన్నది ఇది. బ్రిటన్‌లో మామూలు మనుషులు 24 గంటల్లో మూడు శిఖరాలు ఎక్కేస్తున్నారు. వాటి ముందు మన కొండలు చిన్న గుట్టలు. కాబట్టి శృంగవరపుకోట దగ్గరి పుణ్యగిరి, ఆ తర్వాత రామతీర్థం, చివరికి మందస అవతలి మహేంద్రగిరి ఒక్క రోజులో ఎక్కి చూపించండి. రోజూ అరగంట నడిచేవారికి వేరే సాధన అక్కరలేదు. ఎక్కడమే కష్టం, దిగడం దానంతట అదే అయిపోతుంది. ఎండ తగలకుండా తెల్లవారుజామున మూడింటికే టార్చిలైటు పట్టుకుని బయలుదేరండి. నీళ్లు ఎంత ఎక్కువ తాగితే అంత మంచిది. పదమూడేళ్ల పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది, మనోబలం ఉంటే చాలు. మధ్యలో వెనక్కి తిరిగినవాడు ఓడిపోయినట్టే.

కుర్రాళ్లు ఫోను పక్కన పెట్టి కొండ ఎక్కుతామంటే నాకంటే సంతోషించేవాడు ఉండడు. అందుకే ఈ సందేశం మీద నాకు ఇంత కోపం.

ముందు బ్రిటన్ సంగతి. ఆ మూడు శిఖరాలు స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్, ఇంగ్లండ్‌లోని స్కాఫెల్ పైక్, వేల్స్‌లోని స్నోడన్. ఎత్తులు వరుసగా 1,345, 978, 1,085 మీటర్లు. మన మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. అంటే బ్రిటన్ మొత్తంలో ఎత్తైన శిఖరం కంటే సందేశంలోని ఈ ‘గుట్ట’ నూట యాభై మీటర్లు ఎక్కువ. పైగా మందస దాదాపు సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న నేల. ఆ వైపు నుంచి కాలినడకన ఎక్కేవారు ఆ ఎత్తులో చాలా భాగం తమ కాళ్లతోనే ఎక్కాలి. ఒడిశా వైపు నుంచి బండిలో పై దాకా వెళ్లి చివరి మెట్లు ఎక్కి ఫొటో దిగినవారు కూడా ‘మహేంద్రగిరి ఎక్కాను’ అంటారు. సందేశం రాసినవారు ఏ దారి లెక్క వేశారో చెప్పలేదు.

ఆ 24 గంటల లెక్క కూడా చూద్దాం. నెయిస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో ఒక లెక్క చెప్పాడు. ఇప్పటికీ కొండలు నడిచేవారు దాన్నే వాడతారు: ప్రతి ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. బ్రిటన్ సవాలులో నడక సుమారు 37 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు సుమారు 3,000 మీటర్లు. ఏడున్నర గంటలు, ఐదు గంటలు కలిపితే పన్నెండున్నర. మూడు కొండల మధ్య కారు ప్రయాణం సుమారు 740 కిలోమీటర్లు. దానికి పది, పదకొండు గంటలు. ఇక తినడానికి, కూర్చోవడానికి, చెప్పులో రాయి తీసుకోవడానికి మిగిలేది అరగంట నుంచి గంటన్నర. ఇది మామూలు మనుషులు నెలల తరబడి సాధన చేసి, బండి నడపడానికి వేరే మనిషిని పెట్టుకుని చేసే పని. ‘ఎక్కేస్తున్నారు’ అన్న ఒక్క మాటలో అదంతా మాయమైపోయింది.

ఆ వేరే మనిషి ప్రస్తావన మన సందేశంలో ఎక్కడా లేదు. శృంగవరపుకోట నుంచి మందస అంటే రెండు జిల్లాల పొడవునా ప్రయాణం. అందులో శ్రీకాకుళం దాటి పలాస దాకా పదహారో నంబరు జాతీయ రహదారి. లారీల మధ్య, రెండు కొండలు దిగిన కాళ్లతో, నిద్రలేని కళ్లతో ఇద్దరేసి కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద వెళ్లే దృశ్యం ఊహించుకోండి. నాకు కొండ కంటే ఆ రోడ్డే ఎక్కువ భయం.

‘దిగడం దానంతట అదే అయిపోతుంది’ అన్న మాట దగ్గర కొంచెం ఆగుతాను. సందేశం మొత్తంలో అందరూ సులభంగా నమ్మేది ఇదే, అందరినీ దెబ్బ తీసేదీ ఇదే. మేడ మీది నుంచి ధాన్యం బస్తాను తాడుతో కిందికి దించే మనిషిని చూడండి. బస్తా కిందికి తనంతట తానే పోతుంది, నిజమే. కానీ అది ఒక్కసారిగా పడిపోకుండా ఆపుతున్న చేతులను అడగండి. కొండ దిగేటప్పుడు మీ ఒంటి బరువే ఆ బస్తా. తొడ ముందు వైపు కండరం సాగుతూనే ఆ బరువును అడుగడుగునా ఆపాలి. బిగుసుకుంటూ చేసే పని కంటే సాగుతూ చేసే పనిలోనే కండరపు పోగులు ఎక్కువగా దెబ్బ తింటాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది.

రెండేళ్ల కిందట నాతో పాటు మహేంద్రగిరికి వచ్చిన సహోద్యోగి ఒకాయన ఎక్కేటప్పుడు నాకంటే ముందున్నాడు. రోజూ గంట నడిచే మనిషి. దిగడం మొదలైన గంటకు ఆయన మోకాళ్లు వణకడం మొదలైంది. ఏటవాలు ఉన్నచోట కూర్చుని, పక్కకు తిరిగి, చేతులు ఆన్చి దిగాడు. మేము కింద ఊరు చేరేసరికి చీకటి పడింది. మూడో రోజు బస్సు దిగడానికి కండక్టరు చెయ్యి అందించాల్సి వచ్చింది. అది ఒక్క కొండ. సందేశం ప్రకారం అయితే అప్పటికే ఆయన రెండు కొండలు దిగి ఉండాలి.

దీనికి విరుగుడు ఉంది, అది మనోబలం కాదు. ఒకసారి బాగా దిగిన కండరం ఆ పని నేర్చుకుంటుంది. కొన్ని వారాల పాటు అదే దిగుడుకు అంతగా దెబ్బ తినదు. అంటే సాధన చేయాల్సింది దిగడమే. ఇంటి చుట్టూ చదునైన రోడ్డు మీద ఏడాది నడిచినా ఈ పాఠం కాలికి రాదు. సింహాచలం మెట్లు వారానికి ఒకసారి ఎక్కి, బస్సు ఎక్కకుండా మెట్ల మీదుగానే దిగితే వస్తుంది.

తెల్లవారుజామున మూడింటికి టార్చిలైటు అన్న సలహా ఇచ్చినవారు ఉద్దానం మనిషి అయి ఉండరని ప్రమాణం చేసి చెప్పగలను. మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట ప్రాంతాల్లో జీడి తోటకు వెళ్లే రైతు పొద్దు పొడిచాక, గట్టిగా మాట్లాడుకుంటూ, నలుగురితో కలిసి వెళ్తాడు. ఎందుకంటే అక్కడ ఎలుగుబంట్లు ఉన్నాయి. మనుషులు గాయపడ్డారు, ప్రాణాలు పోయాయి. ఎలుగుబంటి ఎక్కువగా రాత్రి తిరిగే జంతువు. దానికి చూపు, వినికిడి అంతంత మాత్రమే. చెదపుట్టలో ముట్టె పెట్టి తింటున్నప్పుడు మనిషి దగ్గరికి వచ్చేదాకా గమనించదు, గమనించగానే బెదిరి మీద పడుతుంది. జీడి, పనస పండే వేసవిలోనే కదా వస్తాయి అంటారు కొందరు. చెదలు ఏడాది పొడవునా ఉంటాయి. వెలుగు వచ్చాక బయలుదేరండి, మాట్లాడుతూ నడవండి, ఆ కొండ కింది ఊరి మనిషిని ఒకరిని వెంట తీసుకువెళ్లండి. సవర గిరిజన పెద్దమనిషి ‘ఈ దారిన ఇవాళ వద్దు’ అంటే కారణం అడగకుండా ఆగిపోవడం నేను నేర్చుకున్నాను.

నీళ్ల విషయంలో సందేశం సగం నిజం చెప్పింది. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఎత్తుకు వెళ్తే చల్లబడుతుందనే ఆశ కూడా చిన్న కొండల మీద పనికిరాదు. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, రెండు వందల మీటర్ల కొండ మీద ఒక డిగ్రీ కంటే కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి నీళ్లు కావాలి. కానీ దాహం లేకపోయినా ఉత్త నీళ్లు గటగటా తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్ పరుగు ముగించిన 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా తేలింది. దాహం వేసినప్పుడల్లా తాగండి, ఉప్పు వేసిన మజ్జిగ ఒక సీసా, పులిహోర ఒక పొట్లం ఉంచుకోండి. ఎవరైనా తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడితే ‘ఇంకొంచెమే’ అనకండి. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, విసురుతూ, ఆసుపత్రికి తరలించే ఏర్పాటు చూడండి.

పూర్ణ పేరు వాడుకున్న తీరు నన్ను బాధపెట్టింది. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, నిజమే. అంతకు ముందు ఆ పిల్ల భువనగిరి బండ మీద రాతి ఎక్కుడు నేర్చుకుంది, డార్జిలింగ్‌లో పర్వతారోహణ శిక్షణ పొందింది, లడఖ్ చలిలో సాధన చేసింది. ఏడు ఖండాల్లో ఎత్తైన శిఖరాలు పూర్తి చేసేసరికి 2022 వచ్చింది. ఎనిమిదేళ్లు. ఆ శ్రమంతా చెరిపేసి ‘మనోబలం’ అని ఒక్క ముక్కలో చెప్పడం ఆమెను పొగడడం కాదు.

ఇక వెనక్కి తిరగడం. పైన చెప్పిన సహోద్యోగి, నేను అంతకు ముందు ఏడాది కూడా మహేంద్రగిరికి బయలుదేరాం. సగం దారిలో పడమట నల్లగా మబ్బు పట్టింది, ఉరుము వినిపించింది. ఎత్తు మీద, బయలులో మనిషే పిడుగుకు ఎత్తైన వస్తువు. తిరిగి దిగిపోయాం. కొండ మరుసటి ఏడాది కూడా అక్కడే ఉంది.

మా అన్నయ్య కొడుక్కి ఇచ్చిన జవాబు ఇది. యార్క్‌షైర్‌లో ఇంకో మూడు శిఖరాల సవాలు ఉంది. కారుతో పని లేదు. మూడు కొండలనూ కలుపుతూ సుమారు 39 కిలోమీటర్లు ఒక చుట్టు నడిచి, మొదలుపెట్టిన చోటికే వస్తారు. మనకు రామతీర్థంలో బోధికొండ, దుర్గకొండ, గురుభక్తులకొండ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద బౌద్ధుల ఇటుక కట్టడాలు, ఒకదాని మీద జైన శిల్పాలు. ఆదివారం ఆరింటికి విజయనగరం బస్టాండులో ఉంటాను. రెండు లీటర్ల నీళ్లు, మజ్జిగ, పాత బూట్లు తెచ్చుకో. మొదటి వారం ఒక్క కొండే ఎక్కి దిగుదాం. బుధవారం నీ తొడలు ఎలా ఉన్నాయో నాకు ఫోను చేసి చెప్పు, రెండో కొండ ఎప్పుడో అప్పుడు మాట్లాడుకుందాం.