అలిగిన బతుకమ్మ నాడు దొరికిపోయాను

ముల్లు సర్కారు తుమ్మది, అబద్ధం నాది.

ఎంగిలిపూల నాడు పొద్దున్నే తంగేడు పూలు తెమ్మని మా ఆవిడ నన్ను మడికొండ దాటాక గుట్టల దిక్కు తోలింది. "బూట్లేసుకొని పో, ఆ హవాయి చెప్పులకు ముండ్లు ఆగయి" అని గడప దాకా వచ్చి మరీ చెప్పింది. నేను హవాయి చెప్పులతోనే పోయాను. పొద నిండా పచ్చగా విరగబూసిన తంగేడు కనబడేసరికి రెండంగలు వేశానో లేదో, చెప్పులోంచి పొడుచుకొచ్చి ముల్లు మడమలో దిగింది. పీకితే సగమే వచ్చింది. మొత్తం వచ్చిందని నాకు నేనే చెప్పుకొని, పూల సంచి ఇంట్లో పెట్టి, మామూలుగా నడిచాను. మామూలుగా నడవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

ఇంట్లోవాళ్ళ దగ్గర దాచాను సరే, ఒంటి దగ్గర ఎట్లా దాస్తాం? చర్మం కింద మాక్రోఫేజ్‌లని కాపలా కణాలుంటాయి. గ్రీకులో ఆ మాటకు 'పెద్ద తిండిపోతు' అని అర్థం. ముల్లుతో పాటు దూరిన బ్యాక్టీరియాను అవి పేరూ ఊరూ అడగవు. రచ్చకట్ట మీది ముసలోళ్ళు బస్సు దిగినవాణ్ణి చూడగానే "వీడు మనోడు కాదురా" అన్నట్టు, బ్యాక్టీరియా గోడల్లో మన కణాల్లో ఉండని సరుకు కనిపించగానే పసిగట్టేస్తాయి. ఇక రసాయనాలతో ఊరంతా డప్పు. రక్తనాళాలు వెడల్పవుతాయి, నీరు ఊరుతుంది, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు సందుల్లోంచి దూరి వస్తాయి. అటుకుల బతుకమ్మ నాటికి మడమ ఎర్రబడింది, కాలింది, ఉబ్బింది, సలిపింది. ఈ నాలుగు గుర్తులూ రెండు వేల ఏళ్ల కిందటే రోమ్‌లో సెల్సస్ రాసిపెట్టాడు. నా మడమ ఒక్కటీ వదలకుండా అప్పజెప్పింది.

మూడోనాడు ముద్దపప్పు బతుకమ్మ. ఆనాడే చీము పట్టింది. పళ్ళెంలో ముద్దపప్పు చూసి నేనెందుకు లేచిపోయానో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. చీమంటే చెడ్డ రక్తం అంటారు గానీ, అందులో ఎక్కువ భాగం కొట్లాటలో చచ్చిన న్యూట్రోఫిల్సే. మన ఎముకల మూలుగ రోజుకు పదివేల కోట్ల వరకు వాటిని తయారుచేస్తుంది. అంత సైన్యం సాలదన్నట్టు రాత్రి బాత్రూంలో గొళ్ళెం పెట్టుకొని నా వంతుగా పిన్నీసుతో కెలికాను. పిన్నీసు మీద ఏమున్నాయో అవీ లోపలికి పోయాయి.

ముల్లుకూ ఈ కణాలకూ పాత చుట్టరికమే. 1882లో సిసిలీ దీవిలోని మెస్సీనాలో మెచ్నికాఫ్ అనే రష్యా శాస్త్రవేత్త, ఇంట్లోవాళ్ళంతా సర్కస్‌లో కోతుల్ని చూడటానికి పోతే ఒక్కడే కూర్చొని, అద్దంలా లోపలంతా కనిపించే నక్షత్రచేప పిల్లలకు గులాబీ ముళ్ళు గుచ్చాడు. ఏమవుతుందోనని రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఆ దారిన పోయి పోయి 1908లో నోబెల్ అందుకున్నాడు. నిద్ర పట్టకపోవడం దాకా మేమిద్దరం సమానమే.

నానబియ్యం బతుకమ్మ నాడు గునుగు పూలకు రంగులద్దుతున్న అమ్మ, నేను మెట్లు దిగే తీరు చూసి చెయ్యి ఆపింది.

"గజ్జల్ల బిళ్ళ కట్టిందా బిడ్డా? కాలికేం తాకింది?"

"ఏం లేదమ్మా, ఎక్సర్‌సైజు చేసిన."

"ఎవరు, నువ్వా?"

అమ్మ ఏ పుస్తకమూ చదవలేదు, కానీ మాట తప్పలేదు. కాలిలో దొరికిన బ్యాక్టీరియా ముక్కను కొన్ని కణాలు మోసుకొని గజ్జల్లోని లింఫు గ్రంథికి పోతాయి. అక్కడ ఒక్కో తెల్లకణానికి ఒక్కో ఆకారమే నచ్చుతుంది. పెళ్ళి సంబంధాలు చూసినట్టే, పట్టుకొచ్చిన ముక్క అందరికీ చూపించగా చూపించగా ఎవరికో ఒకరికి కుదురుతుంది. కుదిరినవాడు ఒకడు వందలు వేలవుతాడు. బిళ్ళ ఉబ్బేది ఆ రద్దీకే. అయితే వాళ్ళు క్రిమిని పట్టుకోవడానికి వదిలే యాంటీబాడీలు సరిపడా తయారయ్యేసరికి వారం దాటుతుంది, అందాకా తిండిపోతులదే భారం.

అట్ల బతుకమ్మ రాత్రి చలి పుట్టింది. ఫ్యాను ఫుల్లులో తిరుగుతుంటే నేను రెండు చెద్దర్ల కింద వణుకుతున్నాను. కాపలా కణాలు పంపిన కబురుకు మెదడు ఒంటి వేడి అంకెను పైకి జరుపుతుంది. అంత దాకా వేడెక్కడానికే ఆ వణుకు. ఆ శాస్త్రం మా ఆవిడకు అక్కర్లేదు. చెద్దరు కాళ్ళ దిక్కు నుంచి ఎత్తింది.

మర్నాడు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు. మా ఇంట్లో మాటలు కూడా లేవు. బండి మీద హన్మకొండలో డాక్టరు దగ్గరికి పోయేదాకా ఒక్క ముక్క మాట్లాడలేదు. డాక్టరు కోసి, కందిగింజంత ముల్లు ముక్క తీసి పళ్ళెంలో టక్కున వేశాడు.

"టీటీ ఎప్పుడు వేయించుకున్నారు?"

"ఈ మధ్యనే సార్. అయినా ఇది తుప్పు మేకు కాదు కదా, ముల్లే కదా."

"తుప్పుతో పనేముంది? ధనుర్వాతం క్రిమి మట్టిలో ఉంటుంది. ఆ జబ్బు వచ్చి బతికినవాడికి కూడా టీకా వెయ్యాల్సిందే. దాని విషం ఎంత కొంచెమంటే, ఒంటికి గుర్తుండదు."

అప్పుడు నోరు విప్పింది మా ఆవిడ. "ఈ మధ్యన ఏం కాదు సార్. 2020ల మేడారం జాతరకు పోయినప్పుడు రేకు గీరుకుంటే ఏయించిన. అప్పుడు గూడ చెప్పులే."

మట్టి గాయానికి ఐదేళ్ళు దాటితే మళ్ళీ వెయ్యాలని డాక్టరు సూది తీశాడు. ఏ క్రిమి ఎప్పుడొచ్చిందో ఏళ్ల తరబడి గుర్తుంచుకునే జ్ఞాపక కణాల గురించి ఆయన చెబుతూనే ఉన్నాడు. నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుండం గట్టు మీద కట్టు కాలితో కూర్చున్నాను. నెత్తిన బతుకమ్మతో వచ్చిన వదినలు, మరదళ్ళు అందరూ ముందు నా కాళ్ళ దిక్కే చూశారు. ఎవరో వరసైన పెద్దావిడ, నేను ఎప్పుడూ చూసిందే లేదు, దగ్గరికొచ్చి వంగి అడిగింది:

"బూట్లేవి అల్లుడా?"