షాపు తలుపు మీది ‘గన్స్ వద్దు’ బోర్డు గారికి

బోర్డు గారూ, నమస్కారమండీ.

టెక్సాస్‌లో మీ వాళ్ళు ప్రతి సందులో ఉన్నారు, అందరికీ కలిపి ఒకటే ఉత్తరం రాసేస్తున్నా, ఏమనుకోకండి. విడివిడిగా రాయాలంటే ఎవరు ఏ సెక్షనో ముందు నేను తేల్చుకోవాలి, ఆ పని లాయర్ ఫీజు కట్టకుండా అయ్యేలా లేదు.

ముందు మీ తమ్ముడి సంగతి. అదే, ఎర్ర సున్నాలో పిస్టల్ బొమ్మ, దాని మీద అడ్డగీత. అక్షరం ముక్క రానివాడికి కూడా చూడగానే అర్థమైపోతాడు, పాపం అదే వాడి ఖర్మ. లైసెన్స్ ఉండి పిస్టల్ పెట్టుకొచ్చేవాడికి ఆ బొమ్మ చాలదంది చట్టం. చట్టానికి కావాల్సింది మీరు! పీనల్ కోడ్ (అదే, టెక్సాస్ నేరాల చట్టం) 30.06వ సెక్షన్ అని మొదలెట్టి, గన్ లైసెన్సుల సంగతి చెప్పే గవర్నమెంట్ కోడ్ 411వ చాప్టర్, సబ్‌చాప్టర్ హెచ్ దాకా పోయే ఆ వాక్యం, ఇంగ్లీషులో ఒకసారి, స్పానిష్‌లో ఇంకోసారి, అక్షరం ఎత్తు 1 అంగుళానికి తగ్గకూడదు, రంగు వెనకాల దాంట్లో కలిసిపోకూడదు. ఇదంతా బట్టల కింద దాచుకున్న పిస్టల్‌కి మాత్రమే. నడుముకి కనపడేలా పెట్టుకునేదానికి 30.07 వేరే ఉంది, 2016 జనవరి 1 నుంచి లైసెన్స్ ఉన్నవాళ్ళకి ఓపెన్ క్యారీ ఓకే అన్నప్పుడు పుట్టిన మీ చెల్లెలు. మళ్ళీ 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టం కాదన్న లిస్టులో లేనివాళ్ళకి అసలు లైసెన్సే అక్కర్లేదన్నారు కదా, వాళ్ళ కోసం ఇంకో బోర్డు, 30.05. పైగా మీరూ చెల్లెలూ చూసుకునేది పిస్టల్స్ మాత్రమే, రైఫిల్ భుజాన వేసుకొచ్చినవాడు మీ డిపార్ట్‌మెంట్ కాదు. ముగ్గుర్నీ అంటించేసరికి తలుపు గాజు అయిపోయింది, షాపు ఎన్నింటికి తీస్తారో రాయడానికి చోటు లేదు.

మన ఊళ్ళో షాపు దగ్గర గన్ అంటే బంగారం కొట్టు ముందు స్టూల్ మీద కూర్చునే గార్డు ఒళ్ళో డబుల్ బ్యారెలే. ఇక్కడ గన్ కస్టమర్‌తో పాటు పాల కోసం వస్తుంది.

సరే, పెద్ద కంపెనీలు మిమ్మల్ని ఎందుకు పూర్తిగా పెట్టుకోవో చూద్దాం. 2013 సెప్టెంబర్‌లో స్టార్‌బక్స్ కాఫీ షాపుల అప్పటి బాస్ హోవర్డ్ షుల్ట్జ్ గన్స్ తేవద్దని పబ్లిగ్గా లెటర్ రాసి, ఇది రిక్వెస్టే, బ్యాన్ కాదు అన్నాడు. ఎందుకయ్యా అంటే బ్యాన్ అంటే మా స్టాఫ్ వెళ్ళి గన్ ఉన్నవాడికి ఎదురు నిలబడాల్సొస్తుంది అన్నాడు. నిజాయితీగా చెప్పాడు, ఒప్పుకుంటా. మరుసటి ఏడాది టెక్సాస్‌లో కొందరు రైఫిల్స్ వేసుకుని షాపులకీ హోటళ్ళకీ వెళ్ళడం మొదలెట్టాక టార్గెట్ అనే పెద్ద షాపుల కంపెనీ కూడా, చట్టం ఒప్పుకున్న చోట్ల కూడా దయచేసి తేవొద్దండీ అని బతిమాలుకుంది. 2019 ఆగస్ట్ 3న టెక్సాస్‌లోనే ఎల్ పాసో ఊళ్ళో వాల్‌మార్ట్‌లో కాల్పులు, 23 ప్రాణాలు పోయాయి. అయిదు రోజులకి మిస్సోరీ రాష్ట్రంలో ఇంకొకడు, రాజ్యాంగం ఇచ్చిన నా గన్ హక్కుని వాల్‌మార్ట్ గౌరవిస్తుందో లేదో టెస్ట్ చేస్తానని బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్, రైఫిల్‌తో లోపలికెళ్ళాడు, అరెస్ట్ అయ్యాడు. ఇదంతా అయ్యాక సెప్టెంబర్‌లో వాల్‌మార్ట్ చెప్పింది ఏంటంటే గన్ బయటికి కనపడేలా తేకండి ప్లీజ్ అని. పర్మిట్ ఉండి లోపల దాచుకుంటే పర్లేదంట! షర్ట్ కిందే ఉన్నంతసేపు గౌరవనీయ కస్టమర్, పై షెల్ఫ్‌లో కార్న్‌ఫ్లేక్స్ కోసం చెయ్యెత్తితే షర్ట్ లేచి పాలసీ ఉల్లంఘన.

షర్ట్ లేకపోతే, చెప్పుల్లేకపోతే సర్వీస్ లేదు అని ఇక్కడ ఎన్నో ఏళ్ళుగా బోర్డులున్నాయి, ఎవడూ చెప్పుల్లేకుండా వచ్చి రాజ్యాంగం తీయడు. షాపు ఓనరుది, ఎవర్ని రానివ్వాలో ఆయనిష్టం. గన్ దగ్గరకొచ్చేసరికి ఆ ఇష్టానికే అంగుళాల కొలతలు.

మిమ్మల్ని పట్టించుకోకుండా లోపలికొస్తే ఎంతండీ మీ విలువ? మామూలుగా 200 డాలర్ల దాకా ఫైన్. అదే ఒక మనిషి నోటితో వెళ్ళిపోండి అని చెప్పాక కూడా వెళ్ళకపోతే ఏడాది దాకా జైలు, 4000 డాలర్ల దాకా ఫైన్. అంటే చట్టంలో అసలు పస ఉన్నది మీ అక్షరాల్లో కాదు, ఆ నోట్లో. ఆ నోరు ఎవరిది? రాత్రి పదకొండింటికి గ్యాస్ స్టేషన్ (మన పెట్రోల్ బంకు) కౌంటర్‌లో ఒంటరిగా నిలబడ్డ మనిషిది. హెడ్డాఫీస్‌లో పాలసీ రాసినాయన ఆ టైంకి నిద్రపోతుంటాడు. మనవాళ్ళు ఎంతమంది ఆ కౌంటర్ల వెనక ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. నెమ్మదిగా, సార్, అది కార్‌లో పెట్టి రాగలరా అనాలి, అదీ నవ్వుతూ.

హంతకులు బోర్డులు చదవరు కదా అని మిమ్మల్ని వెక్కిరించేవాళ్ళున్నారు. నిజమే, చదవరు. 2023 మే 6న మా డల్లాస్ పక్కనే ఆలెన్ మాల్‌లో ఎనిమిది మందిని చంపినవాణ్ణి ఏ బోర్డూ ఆపేది కాదు, అందులో మన తెలుగమ్మాయి కూడా పోయింది. ఆ లెక్క మీ మీద వెయ్యను. కానీ ఆ లెక్కన దొంగలు చదవరని సీసీ కెమెరా ఉంది బోర్డు కూడా పీకెయ్యాలి, అది మాత్రం ఎవరూ అడగరేం?

హవాయి వాళ్ళు 2023లో మొత్తం తిరగేశారు తెలుసా. షాపు వాడు రావచ్చు అని చెప్తేనే గన్‌తో రావాలి, చెప్పకపోతే వద్దన్నట్టే. ఆ చట్టం ప్రకారం బోర్డు కట్టుకునే గోల రమ్మనేవాడిది. వెంటనే కేసు పడింది, సుప్రీం కోర్టు దాకా పోయింది. మీకైతే కొంచెం రెస్ట్ దొరికేది అక్కడ.

ఇంకొక్క మాటండీ. మా దగ్గర ఒక షాపులో మిమ్మల్ని ఆటోమేటిక్ తలుపు మీద అంటించారు. మనిషి దగ్గరికి రాగానే తలుపు జరిగి మీరు పక్క గాజు వెనక్కి వెళ్ళిపోతున్నారు. చట్టమేమో స్పష్టంగా కనపడాలి అంటోంది. మేనేజర్‌కి చెప్పి కాస్త పక్క గోడ మీదకి మారండి, పార్కింగ్ వైపు ఇంకో తలుపుంది, అక్కడైతే మీరు అసలే లేరు.

ఇట్లు
డల్లాస్ నుంచి, చేతిలో పాల క్యాన్ మాత్రమే ఉన్న ఒక కస్టమర్